ఆకలితో పోయిన బొంత

మెడలో ధరించే ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని కూర్చున్న ప్రతి ఉదయమూ శివలీలకు ఒకటే సందేహం. ఈ విభూతి పెడుతున్నది తన భక్తా, చేతి అలవాటా? మనసు పొయ్యి మీది పాల దగ్గర ఉంటుంది. చేతులు మాత్రం పత్రి వేస్తూనే ఉంటాయి. అలాంటి పూజ శివుడికి చేరుతుందా? కోడలిగా గదగ్ ఊళ్లోని ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న ఆమెను వదల్లేదు. ఎవరినీ అడగనూ లేదు.

పూజ ముగించి వంటింట్లోకి వెళ్లి స్టీలు బేసిన్‌లో జొన్నపిండి కలిపింది. ఆ బేసిన్ అంచు తగిలినప్పుడల్లా ఆమె చూపు పక్కకు తిరుగుతుంది. అదీ అలవాటే.

రొట్టెలు కాల్చి పడసాలలోకి వచ్చేసరికి అత్తగారు గౌరవ్వ ఎండ పడే చోట చాప మీద కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి చచ్చుబడింది. పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, నేనేమన్నా పసిపిల్లనా అని మంచం కిందికి దొర్లించేసింది. తన లింగపూజ తన చేత్తో చేసుకోలేనప్పుడు ఈ చెయ్యి ఉంటేనేం, పోతేనేం అనేది. అప్పుడు శివలీలే ఉపాయం ఆలోచించింది. కడుపుతో ఉన్న తన కూతురు కస్తూరి పేరు చెప్పి, పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టాలి, నాకు రాదు, మీరే కుట్టాలి అని పాతచీరలు ముందు పరిచింది.

మొదట్లో గౌరవ్వ వేళ్లు సూదిని పట్టలేక వదిలేసేవి. శివలీల రాత్రే సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చి ఉంచేది. వంకర కుట్లను విప్పి సరిచేయాలని చెయ్యి లాగినా ముట్టుకునేది కాదు. జానెడు కుట్టందే గౌరవ్వకు అన్నం పెట్టేది కాదు. నెమ్మదిగా ముసలామెకే తొందర మొదలైంది. కోడలి పూజ కాకముందే చాప పరుచుకునేది.

కొట్టుకు బయల్దేరుతూ శివలీల భర్త మల్లేశప్ప తల్లి కుట్టును వంగి చూశాడు. "ఏంటమ్మా, కుట్టు తాగినోడి నడకలా పోతోంది?"

"మీ నాన్న ఇంటికొచ్చే దారి గుర్తు చేసుకుంటూ కుడుతున్నాలేరా," అంది గౌరవ్వ తల ఎత్తకుండా.

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాక ఆమె సూది ఆపింది. "లీలా, ఇవాళైనా అటక మీది పెట్టె దించుతావా? సీమంతం దగ్గరికొచ్చింది. కస్తూరి పాత బొంతలోంచి ముక్క కోసి మధ్యలో వెయ్యాలి. తల్లి కప్పుకున్నది బిడ్డకు పడాలి."

శివలీల ఇన్నాళ్లూ ఏదో ఒక సాకు చెబుతూ వచ్చింది. సోమవారం పెట్టె తెరవకూడదంది ఒకసారి. అటక మీద ఎలుకలున్నాయంది మరోసారి. నిజానికి అటక మీద బొంత లేదు. కస్తూరి పుట్టిన ఏడాదే, కాలేజీ చదివిన తనకు అత్త కుట్టిన ఈ పాతగుడ్డల బొంతేమిటని నామోషీ పడి, స్టీలు సామాన్లమ్మే ఆమెకు ఇచ్చేసి బేసిన్ తీసుకుంది. దాచానని అత్తకు చెప్పింది. ఇప్పుడు నిజం చెబితే ఈ ముసలామె సూది కింద పెడుతుంది. మళ్లీ పట్టదు. ఆ చెయ్యి ఇక లేవదు. ఆ పాపం కూడా తనదే అవుతుంది.

"రేపు తెస్తాను అత్తమ్మా," అంది.

ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని పాత ఇల్కల్ చీర ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టింది. కస్తూరి పాత బొంత ముక్కలా కనిపించాలని టీ నీళ్లలో ముంచి, రాయి మీద రుద్ది, ఆరేసి, మళ్లీ ఉతికింది. కుడుతున్నంతసేపూ మెడలోని లింగం బరువుగా తోచింది. కూతురిని మోసం చేయడానికి కాదు, అత్త చేతి కోసమే అని సర్దిచెప్పుకుంది. ఆ మాట తనకే రుచించలేదు.

మర్నాడు గౌరవ్వ ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో తడిమింది. తిప్పి మళ్లీ తడిమింది. వేలు ఒకచోట ఆగింది.

"ముడి ఉందే ఇందులో."

గౌరవ్వ ముక్కను కోడలి వైపు తిప్పింది.

"పసిబిడ్డ ఒంటికి గుచ్చుకుంటుందని నేనెప్పుడూ ముడి వెయ్యలేదు లీలా. వెనక్కి తిప్పి కుడతాను. ఇది నీ చెయ్యి."

శివలీల చాప అంచున కూలబడింది. అంతా చెప్పేసింది. బేసిన్ సంగతి, అబద్ధం సంగతి, నిన్నటి టీ నీళ్ల సంగతి కూడా. "నన్ను ఏమన్నా అనండి అత్తమ్మా. సూది మాత్రం మానకండి," అని ఆమె కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుంది.

గౌరవ్వ చెయ్యి లాక్కోలేదు. 

"అది పోయిన సంగతి నాకు ఆరోజే తెలుసు," అంది. "సాయంత్రం మఠం దగ్గర ఆ సామాన్లామె నా బొంతను మడిచి గంప కింద వేసుకుని కూర్చుంది. అడిగి తెచ్చుకుందామని ఆమె ముందుదాకా పోయాను. నోరు రాలేదు."

"ఎందుకని?"

"కడుపు నింపకుండా మూసేశాను కాబట్టి."

శివలీలకు అర్థమవడానికి క్షణం పట్టింది. ఈ ప్రాంతంలో ఏ ఇల్లాలైనా బొంత పూర్తిచేసేటప్పుడు మధ్యలో కాస్త నోరు వదిలి, ఎండురొట్టె ముక్క లోపల పెట్టి అప్పుడు మూస్తుంది. ఆకలి బొంత ఇంట్లో నిలవదంటారు.

"నువ్వు మోసినన్నాళ్లూ మనవడి కోసమే కుట్టాను," అంది గౌరవ్వ. "ఆడపిల్ల అని కబురు రాగానే రొట్టె పళ్లెం పక్కకు తోసేసి, ఇంతమాత్రానికి చాల్లే అని మూసేశాను. అది ఇంట్లోంచి పోతే నిన్నెలా అనగలనే? ఇంకొకరి గంప కింద చేరిందంటే ఆకలితో పోయింది. ఇప్పుడు చూడు, రోజూ ఫోన్ చేసి 'అవ్వా, చెయ్యి కదిలించావా' అని అడిగేది ఆ పిల్లే. జవాబు చెప్పేటప్పుడు నాకెలా ఉంటుందో ఆ శివుడికే తెలుసు. నిన్ను ముక్క తెమ్మని రోజూ ఎందుకడిగాననుకున్నావు? నువ్వు ముందు చెబితే నేనూ చెబుదామని. మొదలుపెట్టే ధైర్యం నాకు లేక."

ఇద్దరూ ఏడ్చారు. ముందు కన్నీళ్లు తుడుచుకున్నది గౌరవ్వే. ఆ టీ రంగు ముక్కనే కొత్త బొంత మధ్యలో పరిచింది.

"దీన్నే వేద్దాం. ముడి మాత్రం విప్పు."

సీమంతానికి ముందురోజు ఉదయం బొంతలో అరచేయంత నోరు మాత్రం మిగిలింది. శివలీల అదే బేసిన్‌లో పిండి కలిపి, రొట్టెను సన్న సెగ మీద కరకరలాడేదాకా కాల్చింది. బేసిన్ కడిగేటప్పుడు మొదటిసారి దాన్ని నిదానంగా చూసింది.

గౌరవ్వ తనంతట తానే కుడిచేత్తో విభూతి పెట్టుకుని కూర్చుంది. నొసటి మీద గీతలు వంకరగానే ఉన్నాయి. ఆ చేతికి ఇంకా అలవాటు కాలేదు. అయినా అందులో పూజ తప్ప మరేమీ లేదని శివలీలకు అనిపించింది. తన పూజలో తగ్గింది ఇదేనా, లేక తన చెయ్యీ ఒకప్పుడు ఇలాగే వణికి, తర్వాత మరిచిపోయిందా?

ఆమె రొట్టె ముక్క అందించబోతే గౌరవ్వ వారించింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వణుకుతూ దగ్గరకొచ్చి పళ్లెంలోని ముక్కను పట్టుకున్నాయి. జారింది. మళ్లీ పట్టుకున్నాయి. పుట్టబోయే బిడ్డ పేర అది లోపలికి వెళ్లింది.

బొంత నోరు మూయడానికి శివలీల సూది అందుకోబోయింది.

"ఆగు," అంది గౌరవ్వ. పళ్లెంలోంచి ఇంకో ముక్క తీసి, మొదటిదానికంటే లోతుగా, బొంత నడుమదాకా తోసింది.

"ఇది కస్తూరిది. ఇప్పుడు కుట్టు."

శివలీల కుట్టింది. ముడి వెయ్యలేదు.