హెల్‌బ్రున్ తోటలో తడవని పీట

"కాగితం చేతులు మారకూడదు. మారబోతే ఆ పిల్లని కాల్చెయ్."

చీఫ్ పిర్కర్ అంత మాటా అనేసి, తాపీగా కాఫీలో మీగడ కలుపుకున్నాడు. ఎదురుగా ఏజెంట్ లోరెంజ్ నిలబడి ఉన్నాడు.

ఆ పిల్ల పేరు ఇల్డికో. తల్లి హంగరీ మనిషి, తను పెరిగింది ఇక్కడే, సాల్జ్‌బర్గ్‌లో. ఆఫీసులో అనువాదకురాలు, అందగత్తె, ఆర్నెల్లుగా డబుల్ ఏజెంట్. సరిహద్దు అవతలి నుంచి జనాన్ని రహస్యంగా దాటిస్తున్న ఏడుగురి పేర్లు ఆమె దగ్గర కాగితం మీద ఉన్నాయి. అవి శత్రువులకి చిక్కితే ఏడుగురికీ ఉరే.

"బంగారంలాంటి పిల్ల. ఎందుకిలా తయారైందో అర్థం కావట్లేదోయ్!"

లోరెంజ్‌కి అర్థమైంది. ఏడాదిన్నర కిందట ఆమె తమ్ముడు బేలాని పడవలో సరిహద్దు కాలవ దాటిస్తానని మాటిచ్చింది తనే. సెర్చ్‌లైట్ పడగానే ప్రాణభయంతో పడవ వెనక్కి తిప్పేశాడు. ఒడ్డున కుర్రాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. "మీ తమ్ముడు అసలు రాలేదు," అని ఇల్డికోకి చెప్పాడు. చీఫ్‌కీ అదే చెప్పాడు. ఛీ, ఏం బతుకు! ఇప్పుడు బేలా జైల్లో ఉన్నాడు. కాగితం ఇస్తే వదులుతామని అక్కకి కబురొచ్చి ఉంటుంది.

"శత్రువులు వాడే ఆ కాగితం నీళ్ళు తగిలితే కరిగిపోతుంది కదూ, చీఫ్?"

"ఆఁ. పట్టుబడితే మింగెయ్యడానికి. అయితే?"

"వాళ్ళు కలిసేది హెల్‌బ్రున్ తోటలోనే కదా. నాకో గైడు యూనిఫాం ఇప్పించండి."

పదకొండింటికి హెల్‌బ్రున్ ప్యాలెస్ తోట జనంతో కిటకిటలాడుతోంది. గుబురు మీసం అంటించుకున్న లోరెంజ్ అందర్నీ రాతి బల్ల దగ్గరికి తోలుకొచ్చాడు. బంగారు కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన గుంపులో ఉన్న ఇల్డికో పక్కన చేరాడు. శత్రుముఠా అతన్ని ప్రొఫెసర్ అంటుంది.

"గొడుగు తెచ్చారా?"

"ఈ రోజు వాన పడదు."

కోడ్ సరిపోయింది.

"ధైర్యవంతులు కూర్చోండి!" అన్నాడు లోరెంజ్.

"నా కొత్త గౌను తడిపావో, నీ మీసం పీకుతా!" అంది వియన్నా నుంచి వచ్చిన ఒక లావుపాటావిడ. లోరెంజ్ అంటించిన మీసాన్ని వేలితో అదుముకున్నాడు.

పూర్వం ఈ బల్ల దగ్గర ప్రభువు విందు చేసి, అతిథుల పీటల్లోంచి నీళ్ళు చిమ్మించేవాడు. ఆయన లేచేదాకా ఎవరూ లేవకూడదు. ఆయన పీట మాత్రం తడవదు. ఆ పీట ఏదో ఈ ఊరి చంటిపిల్లకైనా తెలుసు. పై ఊరివాడు కాబట్టి, ఇదేం తెలియని ప్రొఫెసర్ దర్జాగా ఒక మామూలు పీట మీద కూర్చున్నాడు.

ఇల్డికో తిన్నగా ప్రభువు పీట దగ్గరికే నడిచింది. లోరెంజ్ చెయ్యి కోటు లోపలి పిస్తోలు మీదకి పోయింది. 'వద్దమ్మా, అక్కడొద్దు. నీ తమ్ముణ్ణి తిన్నది చాలదా నాకు!'

ఆమె ఆగింది. గైడు కళ్ళలోకి చూసి, గుర్తుపట్టింది. గిరుక్కున తిరిగొచ్చి ప్రొఫెసర్ పక్కన కూర్చుంది.

"ఊఁ, ఇవ్వు," అని అతను చెయ్యి చాపాడు. ఆమె కాగితం ఉన్న కవరు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

లోరెంజ్ నీళ్ళు వదిలే పిడి తిప్పాడు.

నీళ్ళు చివ్వున చిమ్మాయి. ప్రొఫెసర్ ఎగిరి గంతేశాడు. "లేవ్వే! కాగితం!"

"కాలు ఇరుక్కుంది, బాబోయ్!" అని ఇల్డికో గోల పెట్టింది. లోరెంజ్ చూశాడు. కాలు ఎక్కడా ఇరుక్కోలేదు. కవరు గంజి అయ్యేదాకా ఆమె ఆ పీట మీంచి కదల్లేదు.

తర్వాత లేచొచ్చి, గైడు చెంప ఛెళ్ళుమనిపించింది. "మనుషుల్ని చూసి తిప్పక్కర్లేదా?" జనం చప్పట్లు కొట్టారు. ఇంకోటి కొట్టింది. ఈసారి మెల్లిగా అంది: "బేలా జైల్లోంచి అంతా రాశాడు. ఇది ఒడ్డున చెయ్యి ఊపినవాడి తరఫున."

పాపం, ప్రొఫెసర్ అంతా గైడు తప్పే అనుకున్నాడు. "వారంలో మళ్ళీ రాసి తీసుకురా. అందాకా నీ తమ్ముడు క్షేమం," అని కోటు పిండుకుంటూ పోయాడు.

"శభాష్!" అన్నాడు ఆఫీసులో చీఫ్. "ఆ చెంపకేమైందోయ్?"

"మొదటిది డ్యూటీలో తగిలింది. రెండోది నాదే, చీఫ్. ఆ రోజు కుర్రాడు వచ్చాడు. నేనే ఆగలేదు. వారంలోపు వాణ్ణి తీసుకురావడానికి నాకో పడవ కావాలి."

పిర్కర్ కప్పు పక్కకి జరిపాడు. కాఫీ చల్లారిపోయింది.

"ఇస్తాను," అన్నాడు. "వెనక్కి తిప్పే చుక్కాని మాత్రం పీకేసి ఇస్తాను."