ఎండుకొబ్బరి షెడ్డులో ఇంగ్లీషు దెయ్యం

మా దీవిలో పాత రేవు పక్కనున్న ఎండుకొబ్బరి షెడ్డు మంచిది కాదు. చీకటి పడితే లోపల ఎవడో ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఎప్పుడో అక్కడ చచ్చిన తెల్ల వ్యాపారేనని మా ఇయోతెబా తాత తేల్చేశాడు. ఊరి సభ జరిగే మనేబాలో కూర్చుని అందరికీ తీర్పు చెప్పే మనిషాయన. దెయ్యం ఉందంటే ఉన్నట్టే... ఎదురు ప్రశ్న వేసే దమ్ము ఎవరికుంది?

ఖర్మేమిటంటే, ఫోను సిగ్నలు నిండుగా అందేది ఆ షెడ్డు దగ్గరే.

ఇదంతా మా అక్క కూతురు రెరెయా చెప్పింది. నేను చూడలేదు, నన్ను సాక్ష్యానికి లాగొద్దు.

ఆస్ట్రేలియాలో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం కోసం రాత్రిపూట ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు క్లాసులు పెట్టారు. ఊరి పిల్లలంతా చర్చి నీళ్ళ ట్యాంకెక్కి వినేవాళ్ళు. మా పిల్ల వినడమే తప్ప నోరు విప్పితే ఒట్టు! పెద్దవాళ్ళను ప్రశ్నిస్తే కళ్ళతోనే కాల్చేస్తారు మా దగ్గర. ఇక టీచరమ్మను అడగడమా? క్లాసులో దడదడా అడిగేది ఒక్కడే — పద్నాలుగో నంబరు. కెమెరా పెట్టడు, సిగ్గూ పడడు. "ఆయన్ని చూసి నేర్చుకోండి" అని బ్రిస్బేన్ టీచరమ్మ రోజూ దెప్పేది.

ఆఖరి క్లాసు వచ్చింది. ప్రశ్న అడగనివాళ్ళ పేరు ఉద్యోగాల లిస్టులోంచి కొట్టేస్తానంది. ట్యాంకు మీద మాట సగం తెగిపోతుంది. అసలే భయం, అందులో సగం మాటలా? పిల్ల ఏడుస్తూనే షెడ్డుకు పోయింది.

మెట్టు మీద కూర్చుంది. ఇయర్‌ఫోను ఒక్క చెవిలోనే పెట్టుకుంది. రెండో చెవి దెయ్యం కోసం ఉంచుకుంది.

అప్పుడు... లోపల ఎవరో దగ్గారు.

తర్వాత బొంగురు గొంతు — "ఎక్స్‌క్యూజ్ మీ, మిస్!"

రెండు క్షణాలాగి... అదే దగ్గు. అదే గొంతు — ఇయర్‌ఫోన్‌లో!

పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోను లైటు లోపలికి కొట్టింది. బస్తాల వెనక చాప... చాప మీద లుంగీ... తాడు కట్టిన కళ్ళజోడు...

ఇయోతెబా తాత!

"ఆర్పవే ఆ లైటు!"

"తాతా... నువ్వా?"

"అరవకే, నీకు పుణ్యముంటుంది! ఈ వయసులో చిన్నపిల్లాడిలా చెయ్యెత్తి అడుగుతున్నానంటే మనేబాలో నా మాట ఎవడు వింటాడు?"

ఇంతలో చెవిలో టీచరమ్మ — "రెరెయా, మిగిలింది నువ్వే. క్లాసులో ఎవర్నైనా అడుగు. పది లెక్కపెడతాను."

లెక్క మొదలైంది. ఎనిమిది... తొమ్మిది...

"నోటికొచ్చింది అడిగెయ్యవే, మొద్దూ!" తాత గుసగుసగా కసిరాడు.

మైకు నొక్కింది. నోటికొచ్చిందే అడిగింది. ఇంగ్లీషులో, ఖంగుమని, ట్యాంకు మీదున్న వాళ్ళంతా వింటుండగా —

"పద్నాలుగో నంబరు గారూ, మా షెడ్డులో దెయ్యం ఉందని పుకారు పుట్టించింది ఎవరండీ?"

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "ఎంత చక్కగా అడిగావమ్మా! నువ్వు పాస్! పద్నాలుగో నంబరు గారూ, పూర్తి వాక్యంలో జవాబు చెప్పండి."

దెయ్యం కళ్ళజోడు తీసి లుంగీతో తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"ఆ పుకారును... నేనే పుట్టించాను, మిస్."

ట్యాంకు మీంచి లేచిన నవ్వు వినడానికి రెరెయాకు ఇయర్‌ఫోను అక్కర్లేకపోయింది.