ఏడో బండి ఖాళీ

2003 నవంబరు పద్నాలుగో తేదీ, శుక్రవారం ఉదయం, కోరాపుట్ సర్క్యూట్ హౌస్ లోపలి గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: విభాగాధిపతి అనంతపద్మనాభం గారు, ఆయనకు కుడివైపున రక్షణ పరిశోధకురాలు డాక్టర్ శ్యామలాంబ గారు, ఎడమవైపున ఏజెంట్ బాలాదిత్య. నాలుగో కుర్చీ ఏజెంట్ శ్రావణ్‌కుమార్‌ది. దానిలో ఎవరూ లేరు. అతని దేహం లమ్తపుట్ దారిలోని లోయ నుంచి అప్పటికింకా పైకి రాలేదు.

ఆ కుర్చీని తీసివేయమని ఎవరూ అనలేదు.

"క్లుప్తంగా చెబుతాను," అన్నారు అనంతపద్మనాభం గారు. "క్షిపణికి చూపునిచ్చే యంత్రం 'నేత్ర'. డాక్టర్ గారి పద్నాలుగేళ్ల శ్రమ. లాబొరేటరీ నుంచి దొంగిలింపబడింది. ఆ గది తాళం ఆవిడ ఒక్కరి అధీనంలోనే ఉంది. కనుక నేటి సాయంత్రం ఆవిడ అరెస్టు వారంటు మీద సంతకం పడుతుంది. దానిని ఆపే అధికారం నాకు లేదు."

"నా సంగతి తరువాత," అన్నారు శ్యామలాంబ గారు. "అది ఓడ ఎక్కితే మన తూర్పు తీరంలోని ప్రతి క్షిపణినీ గుడ్డిదాన్ని చేయడం వాళ్లు నేర్చుకుంటారు."

"ఎక్కడ దాచారు?" అడిగాడు బాలాదిత్య.

"రాయగడ శివార్లలో ఒక ప్రైవేటు కంపెనీ 'శరభ' అనే స్పోర్ట్స్ కారు తయారు చేస్తున్నది. లిమిటెడ్ ప్రొడక్షన్, మొత్తం ఏడే. రెండేళ్లుగా ఒక్కటి కూడా డెలివరీ కాలేదు. గేర్‌బాక్సులు రాలేదని చెబుతారు. కాని వాళ్ల విదేశీ భాగస్వామి క్రామర్ ఎదురు చూసినది గేర్‌బాక్సుల కోసం కాదు, నేత్ర కోసం. దానిని ఛాసిస్‌లో పెట్టి వెల్డింగ్ చేసి, ఎగుమతి కారుగా విశాఖ రేవు దాటిస్తాడు."

"ఏ కారులో?"

అనంతపద్మనాభం గారు టేప్ రికార్డర్ మీట నొక్కారు. మొదట గాలి హోరు. ఆ తరువాత, ఒడియా వ్యాపారి వేషంలో ఆ కంపెనీలో చేరిన శ్రావణ్‌కుమార్ నిన్న వైర్‌లెస్‌లో పంపిన ఆఖరి మాటలు. "ఏడో బండి... ఖాళీ..." అని వినిపించింది. పెద్ద శబ్దం. మళ్లీ హోరు.

"ఏడోది ఖాళీ. కనుక మిగిలిన ఆరింటిలో ఒకటి. ఈ మాటను విజయదుర్గ కూడా ధ్రువపరిచింది."

"ఎవరామె?"

"కంపెనీ ఛీఫ్ టెస్ట్ డ్రైవర్. ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన మనిషి. మనకు సమాచారం ఇస్తుంది."

"నమ్మవచ్చా?"

"రెండు జీతాలు తీసుకునే మనిషి," అన్నారాయన పొడిగా. "వాటిలో ఒకటి మనది."

ఛాసిస్ కోస్తే తప్ప నేత్ర కనబడదు. పొరపాటున వేరొక కారును కోస్తే, ఆ మరుక్షణమే అసలు కారు మాయమవుతుంది. మిగిలిన మార్గం ఒక్కటే. ఆ రోజు పత్రికలవారికి ట్రాక్ డ్రైవ్ ఉంది. ఒకప్పుడు ర్యాలీలు నడిపిన బాలాదిత్య మోటారు పత్రిక విమర్శకుడిగా వెళ్లి ఆరు కార్లనూ నడపాలి. ఎనభై కిలోల పెట్టెను కడుపులో దాచుకున్న కారు, దాచుకోని కారులాగ మలుపు తిరగదు. అతని హెల్మెట్‌లోని మైకు, శ్యామలాంబ గారు చెవిలో పెట్టుకున్న వినికిడి యంత్రానికి ప్రతి మాటనూ చేరవేస్తుంది; ఆవిడ మాట అతనికి హెల్మెట్‌లో వినిపిస్తుంది. అనుమానం నిజమైతే పలకవలసిన కోడ్: "వాన వచ్చేలా ఉంది."

బాలాదిత్య లేచి, ఎవరూ లేని ఆ కుర్చీకి నమస్కరించి బయటికి నడిచాడు.

కంపెనీ గేటు దగ్గర ఒక పాత అంబాసడర్ పక్కగా ఆగి ఉన్నది. దాని బానెట్ మీద కొబ్బరికాయ, కర్పూరం, నిమ్మకాయలు, ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ. పక్కన పట్టుపంచెలో ఒక స్థూలకాయుడు, గేటు జవానుతో తగాదా పడుతున్నాడు. ఆయన పేరు తాతారావు. రాయగడ బజారులో హోల్‌సేల్ కిరాణా వ్యాపారి. శరభను, అదీ ఎర్రనిదాన్ని, మొట్టమొదట బుక్ చేసిన వ్యక్తి ఆయనే.

"పత్రికోలా బాబూ మీరు?" అంటూ ఆయన బాలాదిత్య చేయి పట్టుకున్నాడు. "అయితే రాయండి. నాను బుక్ సేసినప్పుడు నాకు పొట్ట నేదు. రెండేళ్లు తిప్పేరు. ఇప్పుడు బండిచ్చినా అందులో నాను పట్టను!"

"పట్టకపోతే నాను నడుపుతాను," అన్నది ఆయన భార్య ప్రసన్నలక్ష్మి, కారులోంచి దిగకుండానే. "ముందు రానీండి. సుక్కురవారం సుక్కురవారం గుమ్మడికాయి కొనడం, ఇంటికి తెచ్చి పులుసు పెట్టడం. పిల్లలు ఆ పులుసు పేరెత్తితే పారిపోతన్నారు."

"నవ్వితే నవ్వేవు గానీ, గుడారి సంతలో నా పరువేటయిందో ఎరుకా? 'తాతారావు బండి' అంటే రాని సరుకని అర్థం!"

బాలాదిత్య చేయి విడిపించుకున్నాడు. శ్యామలాంబ గారు పత్రికా సంపాదకురాలి హోదాలో గేటు పక్కనున్న పందిరి నీడన కూర్చున్నారు.

ట్రాక్ అనేది ఒక పాత ఎయిర్‌స్ట్రిప్, చుట్టూ కొండలు, దూరపు కొసన ఒక కుడి మలుపు, దానికవతల లోయ. మొదటి కారు పక్కన విజయదుర్గ నిలుచున్నది. తెల్లని రేసింగ్ సూటు, నల్లని గ్లవ్స్, సన్నని నవ్వు.

"ప్రతి కారులోనూ నేను మీ పక్కన కూర్చుంటాను. కంపెనీ నిబంధన," అన్నది. ఆపై గొంతు తగ్గించి, "మీ డైరెక్టరు గారికి నా నమస్కారాలు."

బాలాదిత్య స్టార్టర్ నొక్కాడు. ఇంజను అతని వీపు వెనకనే గర్జించింది. అతడు విమర్శకుని బాణీలో మైకులో మాట్లాడసాగాడు.

"స్టీరింగ్ తేలిక. బ్రేకు పెడల్ గట్టిది, నిజాయితీ గలది. మలుపు మొదట్లో కొద్దిపాటి అండర్‌స్టీర్." అనగా ముందు చక్రాలు చెప్పిన మాట వినక బయటికి జారడం. "ఎడమకూ కుడికీ తేడా లేదు."

"ఆ చివరి మలుపులో యాక్సిలరేటర్ మీది కాలు హఠాత్తుగా ఎత్తకండి," అన్నది విజయదుర్గ. "తోక తిరుగుతుంది. శరభ ఎవరినీ క్షమించదు."

తేడా లేదు. రెండో కారులోనూ లేదు. మూడోది కాస్త బిగువు, అంతే. నాలుగోది వెన్నలాగ తిరిగింది. సామాన్య పరిస్థితిలో అటువంటి వాహనాన్ని నడిపినవాడు జన్మ ధన్యమైందనుకుంటాడు. బాలాదిత్య ఒక్కొక్క ల్యాపుకూ మిగిలిన కార్లను లెక్కపెట్టుకుంటున్నాడు. ఎండ కొండల మీదికి వాలుతున్నది. అయిదో కారును అతడు కావాలని అతివేగంగా మలుపులోకి విసిరాడు. బరువు ఎక్కడైనా ఉంటే బయటపడాలి. కారు నిర్దోషిలాగ సాఫీగా బయటికి వచ్చింది.

ఇక ఆరోది. అదే ఆఖరిది. అతడు మొదటి గజంలోనే ప్రార్థించాడు; మొదటి మలుపులోనే నిరాశపడ్డాడు. కుడికి ఎంతో, ఎడమకూ అంతే.

"తేడా... లేదు," అన్నాడు మైకులో. ఆ మాటతో తన నోటనే శ్యామలాంబ గారికి శిక్ష చదివినట్లనిపించింది.

హెల్మెట్‌లో ఆవిడ స్వరం వినిపించింది. "నాయనా, మీరు చేయగలిగినదంతా చేశారు. ఇక శ్రమపడకండి."

బాలాదిత్య కారును గేటు పక్కనున్న కంచె దాకా తెచ్చి ఆపాడు. చేతులు స్టీరింగ్ మీదనే ఉండిపోయాయి. కంచెకు అవతల తగాదా ఇంకా సాగుతూనే ఉన్నది.

"ఆజి నుహేఁ బాబు," అంటున్నాడు గేటు జవాను ఒడియాలో. "కాలి! కాలి!"

"కాలి కాలి అంటావు, ఏటి కాలిపోనాది?" అరిచాడు తాతారావు. "నా గుండె కాలిపోనాది! మీ కంపినీ మాట కాలిపోనాది!"

బాలాదిత్య తల తిప్పాడు. "తాతారావు గారూ! అతడేమంటున్నాడు?"

"ఏటున్నాది బాబూ, రేపు రమ్మంటన్నాడు. ఒడియాలో రేపన్నా కాలే, నిన్నన్నా కాలే. అందికే యీలు ఆ మాట వొదలరు. నిన్న రమ్మన్నారో రేపు రమ్మన్నారో ఎవుడికి తెలుస్తాది!"

కాలి.

శ్రావణ్‌కుమార్ నెలల తరబడి ఒడియాలోనే మాట్లాడి, ఒడియాలోనే ఆలోచించినవాడు. అతడు ఖాళీ అనలేదు. ఏడో బండి, కాలి. ఏడో బండి, రేపు. ఆ మాట పలికినది నిన్న; అంటే ఆ రేపు నేడే. హోరుమనే టేపులో పండితులందరూ కలిసి ఒక తెలుగు మాటను విని, ధైర్యంగా తప్పు చేశారు.

పండితులు విన్నది పొరపాటు. కాని ఈ ప్రాంతంలో పుట్టి పెరిగి, ఒడియా తెలిసి ఉండీ, 'ఖాళీ' అని ధ్రువపరచిన మనిషిది పొరపాటు కాదు.

అతని పక్కటెముకలకు చల్లగా పిస్టల్ ఆనింది.

"ఒక్క గంట ఆలస్యంగా తెలిసి ఉంటే బాగుండేది," అన్నది విజయదుర్గ. నవ్వు అలాగే ఉంది. అతనికి సూటిగా గురిపెట్టడానికి ఆమె సీటు బెల్టు విప్పుకుని అటు తిరిగింది. "శ్రావణ్ కూడా మీలాగే తొందరపడ్డాడు. నడపండి. లోయ వైపు."

"రెండు జీతాలు చాలలేదా?"

"మూడోది ఎక్కువ. నడపండి!"

అతడు నడిపాడు. అద్దంలో, వెనక, ఫ్యాక్టరీ షెడ్డు తలుపులు తెరుచుకోవడం కనిపించింది. ఎర్రని ఏడో శరభ బయటికి వచ్చింది. స్టీరింగ్ దగ్గర క్రామర్. గేటుకు అవతల, రోడ్డు మీద, కంటైనర్ లారీ వెనక తలుపులు తెరిచి సిద్ధంగా ఉంది. ఏడో కారు షెడ్డు మూల తిరిగినప్పుడు దాని ముందరి ఎడమ భాగం కుంగింది. ఆరు కార్లను నడిపిన మనిషికి మాత్రమే తెలిసేటంత స్వల్పంగా.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు బాలాదిత్య మైకులో. "ఏడో బండి. ఆపండి అమ్మా. ఎలాగైనా సరే!"

"మైకు తీసేయ్!" విజయదుర్గ అరిచింది. చివరి మలుపు మీదికి వచ్చేసింది. లోయ కనబడింది.

బాలాదిత్య యాక్సిలరేటర్ మీది కాలు హఠాత్తుగా ఎత్తాడు.

శరభ క్షమించలేదు. తోక కొరడాలాగ తిరిగింది. బెల్టు లేని విజయదుర్గ తలుపుకు కొట్టుకుంది. పిస్టల్ కాళ్ల దగ్గర పడింది. లోయ అంచున వెనక చక్రం ఒకటి గాలిలో తిరిగి, మళ్లీ నేలను అందుకున్నది. కారు ముఖం ఇప్పుడు గేటు వైపు ఉన్నది. స్పృహ తప్పిన ఆమెను పక్కన పెట్టుకుని, అతడు పెడల్‌ను నేలకు అదిమాడు.

కాని ట్రాక్ పొడవు పొడవే. క్రామర్ గేటును సమీపించాడు.

పందిరి నీడన శ్యామలాంబ గారు లేచి నిలబడ్డారు. ఆవిడ చేతిలో ఆయుధం లేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ బిగ్గరగా అరిచారు.

"తాతారావు గారూ! మీ బండి! మీ బండిని వేరేవాళ్లు పట్టుకుపోతున్నారు!"

తాతారావు తిరిగి చూశాడు. ఎర్రని శరభ. తనది. స్టీరింగ్ దగ్గర ఎవడో దొర.

"ఓలమ్మో! నా బండే!" ఆ స్థూలకాయం అంత వేగంగా కదలగలదని రాయగడలో ఎవరూ ఎరుగరు. "అమ్మీ, గుమ్మడికాయి! దిష్టి తియ్యకుండ గేటు దాటిస్తన్నాడు ఎదవ!"

"ఆగండి, కర్పూరం ఎలిగించనీండి!"

"కర్పూరం తరవాత! కొట్టు ముందు!"

ప్రసన్నలక్ష్మి రెండేళ్ల కోపాన్నంతా చేతుల్లోకి తెచ్చుకుని గుమ్మడికాయను గేటు నడుమ నేలకు కొట్టింది. అది పగిలి, గుజ్జు సిమెంటు మీద పరుచుకుంది. తాతారావు పట్టుపంచె ఎగ్గట్టి, దాని వెనక, గేటుకు అడ్డంగా వెల్లకిలా పడుకున్నాడు.

"నా మీంచి పోనీ!" అని కేక వేశాడు. "బండెలాగూ ఇవ్వరు, సక్రాలైనా తగలనీ!"

క్రామర్ ఆగే మనిషి కాదు. హారన్ కొట్టాడు, గేరు మార్చాడు, ముందుకు ఉరికించాడు. ముందు చక్రాలు గుజ్జు మీదికి ఎక్కి పట్టు తప్పాయి. కారు పక్కకు జారింది, ఒక్క క్షణం తడబడింది. వెంటనే వెనక చక్రాలు నేలను పట్టుకున్నాయి. తాతారావు కళ్లు మూసుకున్నాడు.

ఆ క్షణంలోనే ఆరో శరభ వచ్చి ఏడో శరభ నడుముకు తగిలింది. రెండు కార్లూ కలిసి గేటు స్తంభానికి గుద్దుకుని ఆగాయి. పగిలిన ఛాసిస్ లోపల, ఎడమ సీటు కింద, బూడిదరంగు పెట్టె మూల ఒకటి బయటికి కనబడింది.

శ్యామలాంబ గారు దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని సీలు మీద చేయి పెట్టారు. "చెక్కుచెదరలేదు," అన్నారు. అప్పుడు మాత్రమే ఆవిడ ఏడ్చారు.

తాతారావు ఒక కన్ను తెరిచి, నలిగిన ఎర్రని కారును ఆపాదమస్తకం పరిశీలించాడు.

"దిష్టి తగిలేసినాది," అన్నాడు దిగులుగా.

వారంటు మీద సంతకం పడలేదు. శ్రావణ్‌కుమార్ దేహానికి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. క్రామర్‌ను, విజయదుర్గను వేర్వేరు జైళ్లకు పంపారు. మరుసటి నెలలో, అదే సర్క్యూట్ హౌస్ గదిలో, అనంతపద్మనాభం గారు నిలబడి ఈ కింది అభినందనను చదివి వినిపించారు. నాలుగో కుర్చీ ఆ రోజు కూడా అక్కడే ఉన్నది.

"రాయగడ వాస్తవ్యులు, వర్తకులు శ్రీ తాతారావు గారు, తమ ప్రాణములను లెక్కచేయక, ఒక స్పోర్ట్స్ కారు డెలివరీని అత్యవసరమైన కొన్ని క్షణముల పాటు ఆలస్యము చేసి దేశమునకు ఒనర్చిన సేవను ఈ విభాగము కృతజ్ఞతాపూర్వకముగా గుర్తించుచున్నది. వారు బుక్ చేసికొన్న వాహనము ఎప్పుడు అందునని విభాగము తరఫున విచారించగా, కంపెనీ వారు లిఖితపూర్వకముగా ఇచ్చిన సమాధానము: కాలి."