ఎంగిలి బొమ్మ

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! హుస్సేనీ ఆలం గల్లీ మీద కారుమేఘం కమ్మింది. పాత దేవిడీ బంగళా గోడ తొర్రలో గుడ్లగూబ పట్టపగలే కూసింది.

పక్క మేడమీది గదిలో స్రవ్య బల్ల మీదికి వంగి ఉంది. గాలికి ఆరే మట్టితో వేలెడంత బొమ్మలు చేసి, పైన గాజులా గడ్డకట్టే రెసిన్ జిగురు పోసి అమ్ముకునే పిల్ల ఆమె. కానీ బల్ల మీది ఈ బొమ్మ ఆమె చేసింది కాదు. మాంత్రికుడు గుండయ్య చేసింది. ఆ మట్టిలో స్రవ్య చెల్లెలు కీర్తిప్రియ తల వెంట్రుకలు, గోళ్లు, ఇంకా ఏదో కుళ్లిన నెత్తురు... ఛీ! గదంతా కంపు.

మంచం మీద కీర్తిప్రియ. బొమ్మ ఆరేకొద్దీ ఆమె కాళ్లూ చేతులూ కొయ్యబారాయి. పైన రెసిన్ పోసి, అది గడ్డకట్టగానే ఆమె ఊపిరి ఆగుతుంది. ఆ ప్రాణం క్షుద్రదేవతకు నైవేద్యం!

గుండయ్య పుర్రె చిప్పను ముందుకు తోశాడు. "రెసిన్ దీంట్ల కలిపి పొయ్యి. పాళ్లు తప్పితే గట్టిపడదట, గందుకే నీ కాడికి వచ్చిన. పొయ్యకుంటే బొమ్మ మెడ ఇరుస్త. నీ చెల్లె ఇప్పుడే పోతది."

తొందరగా ఆరిన మట్టి మెడ దగ్గర పగిలి ఉంది. స్రవ్య నీళ్ల గిన్నె జరిపింది. "పగులు పూడ్వకుంటే పాడైతది. తడి వేలుతోని రుద్దాలె."

"నీళ్లు తగిల్తే మంత్రం ఖరాబైతది. తియ్యి గిన్నె."

గుండయ్య జర్దా గారపట్టిన నోట్లో వేలు పెట్టి చప్పరించాడు. తీగలు సాగే ఆ జొల్లుతోనే బొమ్మ మెడను నున్నగా రుద్దాడు. స్రవ్యకు అమ్మమ్మ గుర్తొచ్చింది. బోనం వండేటప్పుడు ఉప్పు కూడా రుచి చూడనిచ్చేది కాదు ఆమె. అమ్మవారికి ఎంగిలి పెడితే పెట్టినోణ్నే తింటది అనేది. క్షుద్రదేవతైనా దేవతే కదా! స్రవ్య నోరు మూసుకుని, రెసిన్ కలిపి, బొమ్మ మీద ధారగా పోసింది.

గుండయ్య మంత్రం అందుకున్నాడు. పెళపెళా పిడుగు పడింది... కీర్తిప్రియ లేచి కూర్చుంది! విరబోసిన జుట్టు, తేలేసిన తెల్లగుడ్లు... ఆ గొంతు ఆమెది కాదు.

"ఎవని ఎంగిలిరా ఇది?"

గుండయ్య చేతులు జోడించాడు. "తల్లీ... తప్పైంది..."

"నాకు ఎంగిలి పెడ్తవా? ఇగ నువ్వే నాకు నైవేద్యం."

బొమ్మ మీద రెసిన్ వేడెక్కింది. గుండయ్య చర్మం మీద గాజుపొర కమ్మింది. ముక్కులోంచి, చెవుల్లోంచి పచ్చని జిగురు కారి అక్కడే గడ్డకట్టింది. కేక గొంతు దాటలేదు... కొయ్యదుంగలా నేలకొరిగాడు.

కీర్తిప్రియ భళ్లున కక్కింది. వెంట్రుకల ఉండ ఒకటి నేల మీద పడింది. "అక్కా, నీళ్లియ్యవే," అంది తన సొంత గొంతుతో.

స్రవ్య నీళ్లు తాగించి వచ్చి బల్ల ముందు కూర్చుంది. రెసిన్ లోపలి బొమ్మకు ఇప్పుడు గుండయ్య మీసాలున్నాయి. దాని పెదవుల దగ్గర చిన్న గాలి బుడగ ఒకటి పైకి రావాలని కొట్టుకుంటోంది. మామూలుగా ఆమె ఏ బుడగనూ ఉండనివ్వదు, సూదితో గుచ్చి తీసేస్తుంది. ఈ బుడగను మాత్రం, సూది పక్కనే పెట్టుకుని, గట్టిపడేదాకా చూస్తూ కూర్చుంది.