బాపుకు చెప్పని సగం

దుకాణం బల్ల మీద పెట్టిన డబ్బాల్లో ఒకటి వెనక్కి పోవాలి. లింగారావు తెచ్చిన పైసలు అన్నిటికీ సరిపోవు.

మానిటర్ కావాలి. సీపీయూ కావాలి. కీబోర్డు, ప్రింటరు లేకుండా పని జరగదు. ఇక మిగిలినవి రెండు. ఒకటి బరువైన నల్ల డబ్బా, యూపీఎస్. ఇంకొకటి రంగుల బొమ్మలున్న అట్టపెట్టె. అందులో సీడీ డ్రైవు, స్పీకర్లు ఉన్నాయి.

లింగారావుకు బెల్లంపల్లిలో, ఇంటి ముందు గదిలోనే చిన్న ప్రెస్సు ఉంది. పెండ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చు వేస్తాడు. సీసం అక్షరాలు పేర్చి కాలితో తొక్కే పాత మిషన్ అమ్మేసి, ఆ పైసలతో కరీంనగర్ వచ్చాడు. ఇక ఈ కంప్యూటర్ మీదే ఇల్లు నడవాలి.

దుకాణంలో ఇంజనీరు మద్రాసు మనిషి. ఇంగ్లీషు తప్ప తెలుగు, ఉర్దూ రావు. లింగారావుకు ఇంగ్లీషు రాదు. అందుకే కూతురు మనోరమను వెంట తెచ్చుకున్నాడు. ఆమె ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతి చదువుతోంది.

"ఏది తీసెయ్యాల్నో అడుగు బిడ్డా," అన్నాడు లింగారావు.

మనోరమ అడిగింది. ఇంజనీరు ఓపికగా చెప్పాడు. యూపీఎస్ లేకున్నా కంప్యూటర్ నడుస్తుంది. కాని కరెంటు పోగానే ఆగిపోతుంది, దాచుకోని పని అంతా పోతుంది. యూపీఎస్ ఉంటే కాసేపు నడుస్తుంది, ఆ లోపల పని దాచుకోవచ్చు. మీ ఊళ్ళో కరెంటు పోతూ ఉంటే ఇదే ముఖ్యం. పాటల పెట్టె తీసెయ్యండి.

మనోరమ రంగుల అట్టపెట్టె వైపు చూసింది. తన క్లాసు పిల్ల ఒకరి ఇంట్లో సీడీ వేసి కార్ల పందెం ఆడటం ఆమె చూసింది.

"యూపీఎస్ లేకున్నా నడుస్తదట బాపూ," అంది.

లింగారావు నల్ల డబ్బాను పక్కకు జరిపాడు.

తాను అబద్ధం చెప్పలేదని మనోరమ అనుకుంది. కాని చెప్పింది. సగం నోట్లోనే ఉంచుకోవడం కూడా అబద్ధమే.

ఆ పిల్ల దగ్గర తెచ్చుకున్న సీడీతో వారం రోజులు సాయంత్రాలు ఇంట్లో కార్ల మోత మోగింది. లింగారావు పగలంతా ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కీబోర్డు మీద చెయ్యి తిప్పుకున్నాడు. మొదటి పని గనిలో పనిచేసే అజీముద్దీన్ ఇచ్చాడు. ఆయన పెద్ద కూతురు షాహిదా పెండ్లి. తోటి కార్మికుల కోసం తెలుగులో పత్రికలు కావాలి.

ఆదివారం అజీముద్దీన్ ప్రెస్సులోనే కూర్చున్నాడు. పత్రికలు తీసుకుని మధ్యాహ్నం బస్సుకు చుట్టాల ఊరు పోవాలి. లింగారావు చెమటలు కక్కుతూ ఆఖరి పేరు కొడుతున్నాడు. మనోరమ పక్కన కాగితాలు సర్దుతోంది.

కరెంటు పోయింది. తెర నల్లగా అయింది.

కరెంటు వచ్చాక చూస్తే పత్రిక లేదు. ఒక్క అక్షరం లేదు. లింగారావు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. సగంలో ఉండగా మళ్ళీ పోయింది.

"నీ పాత మిషనే నయముండె లింగారావు భాయ్. అది కరెంటు అడుగకపోయేది," అన్నాడు అజీముద్దీన్. నవ్వుతూనే అన్నాడు. కాని గడియారం చూసుకున్నాడు.

"తప్పు నాదే అజీమన్నా. సదువు లేని చేతులు. ఏడ నొక్కరాంది నొక్కిన్నో ఏమో."

"మరి బిడ్డెకు తెల్వదా? జర బాపుకు నేర్పరాదా అమ్మా."

మనోరమ తల వంచుకుంది. చేతిలో కాగితాలు నలిగిపోయాయి.

అజీముద్దీన్ ఇంకాసేపు చూశాడు. తర్వాత రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచిర్యాలలో అచ్చు వేయించుకుంటానని, ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్ళాడు. అతను అడగకముందే లింగారావు అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత నల్లటి తెర ముందు కూర్చుని తన వేళ్ళు చూసుకుంటూ ఉండిపోయాడు. మనోరమ ఇక ఆగలేకపోయింది.

"నువ్వేం తప్పు నొక్కలే బాపూ. కరెంటు పోతె పని పోతదని ఇంజనీరు చెప్పిండు. యూపీఎస్ తీసుకొమ్మన్నడు. నేనే నీకు చెప్పలే."

"ఎందుకు?"

"కార్ల ఆట కోసం."

లింగారావు తిట్టలేదు, కొట్టలేదు. "నాకు ఇంగ్లీషొస్తే నిన్ను అడుగకపోదును," అన్నాడు. లేచి బయటికి వెళ్ళాడు.

మరునాడు బ్యాంకు నుంచి ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. అలాంటివి ఎప్పుడూ మనోరమే చదివి చెప్పేది. ఆమె చెయ్యి చాపింది. లింగారావు కాగితం జేబులో పెట్టుకుని, పోస్టుమాస్టరుతో చదివించుకోవడానికి వెళ్ళిపోయాడు. మనోరమ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తల్లి లీలాబాయి వంటింటి గడపలోంచి చూసి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం మనోరమ స్పీకర్ల తీగలు ఊడదీసింది. వాటిని తుడిచి అట్టపెట్టెలో పెట్టింది. వాపసు ఇచ్చి యూపీఎస్ తెచ్చుకుందామని బాపుతో అంది. తర్వాతి ఆదివారం పొద్దున ఆయన, సీడీ డ్రైవు లోపల బిగించి ఉన్న సీపీయూను దుప్పట్లో చుట్టాడు. మనోరమ పెట్టె పట్టుకుని వెనకే నడిచి బస్సెక్కింది.

దుకాణం నిండా జనం ఉన్నారు. లింగారావు పెట్టె చూపించి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంజనీరు మనోరమను గుర్తుపట్టాడు. అతని ముఖం మారింది. ఇంగ్లీషులో గబగబా అన్నాడు.

లింగారావు మనోరమను అడగలేదు. గోడ వైపు చూస్తున్నాడు.

మనోరమే నోరు తెరిచింది. "వాడినవి గదా, తక్కువ ధరకే తీసుకుంటడట." పక్కన నిలబడ్డవాళ్ళు వింటున్నారు. "అప్పుడే అంత వివరంగ చెప్పిన గదా అంటుండు. నీ బిడ్డ నిన్ను మోసం జేసిందంటుండు."

ఎవరో నవ్వారు. మనోరమ చెవులు మండిపోయాయి. అయినా ఆపలేదు.

"యూపీఎస్‌కు ఇంక కొన్ని పైసలు తక్కువ పడ్తయట. ఇంటికాడి మన మానిటర్ గూడ తెచ్చిచ్చి చిన్నది తీసుకుంటె సరిపోతదట."

బల్ల మీద చిన్న మానిటర్ వెలుగుతోంది. లింగారావు దాన్ని చూశాడు. తర్వాత కూతురు వైపు తిరిగాడు.

"దాంట్ల అక్షరాలు మంచిగ కనవడ్తయా, అడుగు."

మనోరమ అడిగింది. ఇంజనీరు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగింది.

"కనవడ్తయట బాపూ," అంది. "గానీ దినమంత కూసుంటె కండ్లు గుంజుతయట."