ఏడో గదిలో చావని డిష్‌లు

మీనాస్ కొండల కింద ఉన్న ఆ లేబొరేటరీలో ఏడో నంబరు గదంటే అందరికీ హడలే. అక్కడ చచ్చినవి చచ్చినట్టు పడుండవు… లేచి కూర్చుంటాయి!

జసియారాకి ఇలాంటి కబుర్లంటే ఒళ్ళుమంట. కొత్తగా చేరింది. ఎల్లో ఫీవర్ వైరస్‌ని పెంచడం ఆమె పని. వాళ్ళన్నయ్య ఊరి అడవిలో కోతులు వరసగా రాలిపోతున్నాయి. చచ్చిన కోతి కాలేయంలో ఆ వైరస్ ఉందని పెంచి చూపిస్తేగానీ పైవాళ్ళు ఆ ఊరికి టీకాలు పంపరట!

డిష్ అనే చిన్న గాజుపళ్ళెంలో బతికున్న కణాలు పరిచి, ఆ కాలేయం రసం వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టాలి. వైరస్ పెరిగితే కణాలు చచ్చి ఆ పొరలో చిల్లులు పడతాయి.

పడ్డాయి. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండుసార్లూ… పైవాళ్ళకి చూపిద్దామని తెల్లారి చూసేసరికి ఒక్క చిల్లు లేదు! మూత మీద ఆమె రాతే. కింద కణాలు మాత్రం నిగనిగలాడుతూ!

"కోతి ఆత్మే…" గుసగుసలాడాడు కాపలావాడు వాల్దిర్.

"నీ మొహం! వెళ్ళి కాఫీ తాగు."

పక్కగదిలో కణాలు పెంచిచ్చే ముసలామె దోనా జుల్మీరా మాత్రం జాలిగా చూసేది. "దిగులుపడకు తల్లీ, అంతా సర్దుకుంటుంది."

ఏం సర్దుకోవడం, నా తలకాయ! అన్నయ్య ఫోన్: "పక్కింటి జోవిన్యోకి వారంనించీ జ్వరమే. ఇంకెన్నాళ్ళే చెల్లీ?" ఏడుపు తన్నుకొచ్చింది.

రసం ఒక్క డిష్‌కే మిగిలింది. వేసింది. చిల్లులు పడ్డ రోజు రాత్రి ఇంటికెళ్ళకుండా, దీపాలార్పి బీరువా వెనక నక్కింది.

తలుపు కిర్రుమంది… తెల్లటి ఆకారం. పెట్టె తెరిచింది. "అయ్యో బంగారాలూ…" అని గొణిగింది.

జసియారా లైటు వేసింది.

తెల్లకోటులో దోనా జుల్మీరా! ఒక చేతిలో చిల్లుల డిష్, ఇంకో చేతిలో మంచిది. జసియారా రాసిన మూతని మంచిదానికి మారుస్తోంది.

"నీ చేతిలో చచ్చిపోతున్నాయి తల్లీ… పైవాళ్ళు చూస్తే పన్లోంచి తీసేస్తారని… ముప్పై ఏళ్ళలో నా దగ్గర ఒక్క డిష్ చావలేదు."

"చావాలి! ఇవి చస్తేనే అక్కడ మనుషులు బతికేది!" డిష్ లాక్కుంది జసియారా.

ముసలామె మొహం పాలిపోయింది. "మరి… ముందువి రెండూ బ్లీచ్‌లో పోసేశానే…"

ఫోన్ మోగింది.

"అన్నయ్యా, వైరస్ దొరికింది! టీకాలొస్తాయి!"



"జోవిన్యో ఇందాకే పోయాడే," అన్నాడు అన్నయ్య.