పాత గ్రిల్లు పైపు

“టార్చి అటు కాదే, ఇటు!” గ్రిల్లు కింద నుంచి నాన్న గొంతు వినిపించింది.

“ఇటే పట్టుకున్నా కదా నాన్నా.”

“నా మొహం మీద పట్టుకున్నావు. నాకు కనబడాల్సింది బర్నరు. నా ముక్కు కాదు!”

ఎక్స్‌ప్రెస్ పళ్లు కొరుక్కుంటూ టార్చిని రెండంగుళాలు జరిపింది.

ఆమె అసలు పేరు స్కూలు రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇంట్లో మాత్రం మామయ్య పెట్టిన ఈ పేరే ఖాయమైపోయింది. పదకొండేళ్ల ఆ పిల్ల ఏ పనైనా రైలు వేగంతో ముగించేది. పళ్లు తోముకోవడం అర నిమిషం. హోంవర్కు పది నిమిషాలు. “అయిందా?” అని అడిగేలోపే “అయిపోయింది” అనేసేది. అందులో సగం పనులు నిజంగా అయ్యేవి కావు.

ఈ ఆదివారం మాత్రం అవ్వాల్సిన పని అస్సలు అవ్వడం లేదు. పొద్దున పదింటికి నాన్న పెరట్లో గ్యాస్ గ్రిల్లు విప్పాడు. ఇప్పుడు మూడయింది. పాత న్యూస్‌పేపరు నిండా స్క్రూలు, నట్లు, మసిపట్టిన రేకులు. గోడ అవతల పక్కింటి కవలలు సైకిళ్ల మీద కూర్చుని బెల్లు మోగిస్తున్నారు. అది ఆమె కోసమే. మోగిన ప్రతిసారీ ఆమె కాళ్లు గేటు వైపు లాగుతున్నాయి.

ఆ గ్రిల్లు వయసు సరిగ్గా ఎక్స్‌ప్రెస్ వయసే. మూడు బర్నర్లలో ఒకటి వెలగదు, ఒకటి వెలిగినా పచ్చగా గుడ్డిదీపంలా వెలుగుతుంది. మూత పిడి ఊడితే తీగతో కట్టారు. ఒక చక్రం ఎప్పుడో పోయింది. దాని స్థానంలో ఇటుక పెట్టారు.

“రెండేళ్ల నుంచి చెవిలో జోరీగలా చెప్తూనే ఉన్నా. దాన్ని పాతసామాన్ల వాడికిచ్చి కొత్తది కొందామండీ అని. వింటేగా!” వంటింటి గుమ్మంలోంచి అమ్మ అంది.

“ఇలాంటి ఉక్కు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?” అన్నాడు నాన్న కింద నుంచే.

“సాయంత్రం మా తమ్ముడు వాళ్లొచ్చాక ఆ ఉక్కే వడ్డించండి.”

నాన్న బర్నరు గొట్టంలో తీగ దూర్చి లాగాడు. బూడిద రంగు దూదిలాంటిది ముద్దగా బయటికొచ్చింది.

“సాలీడు!” అన్నాడు నాన్న ఆనందంగా. “చూశావా? గొట్టంలో గూడు కట్టుకుంది. గ్యాస్ ఎలా వస్తుంది మరి! నేను చెప్పలా, గ్రిల్లులో లోపమేం లేదని?”

పచ్చగా వెలిగే బర్నరు జబ్బు అలా తేలింది. అస్సలు వెలగనిది మాత్రం తుప్పుపట్టి చిల్లులు పడిపోయింది. దాని బదులు కొత్తది పొద్దునే హార్డ్‌వేర్ షాపు నుంచి తెచ్చారు. అప్పుడే షాపు పెద్దాయన కళ్లద్దాల మీదుగా చూస్తూ ఒక మాటన్నాడు. “పైపు కూడా మార్చేసెయ్యండి సార్. దాని ఆయుష్షు ఎప్పుడో అయిపోయుంటుంది.” నాన్న నవ్వి, “పదకొండేళ్లుగా రాయిలా ఉందండీ” అని వచ్చేశాడు.

నాలుగున్నరకు ఆఖరి స్క్రూ బిగిసింది. ఒక స్క్రూ మిగిలిపోయింది కూడా. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. ఎక్స్‌ప్రెస్ చూసింది.

“ఇక నేను వెళ్లనా?”

“ఒక్క పని. గ్యాస్ ఎక్కడైనా లీకవుతోందేమో చూడాలి.” నాన్న గిన్నెడు సబ్బు నీళ్లు, పాత పెయింటు బ్రష్షు తెచ్చాడు. బర్నర్ల నాబ్‌లన్నీ కట్టేసి ఉన్నాయని చూసుకుని, సిలిండరు వాల్వు తిప్పాడు. “సిలిండరు దగ్గర, పైపు పొడుగునా, బర్నర్ల వైపు జాయింట్ల దగ్గర బాగా పూయాలి. ఒక్కోచోట కాసేపు ఆగి చూడాలి. బుడగలు పొంగాయంటే అక్కడ గ్యాస్ లీకవుతున్నట్టు.”

“ఏమండీ!” లోపల్నుంచి అమ్మ కేకేసింది. “టేబులు తలుపులో ఇరుక్కుంది, ఒక చెయ్యి వేయండి!”

“నాకున్నవి రెండే చేతులు!” అని గొణుక్కుని నాన్న లేచాడు. “రెండు నిమిషాల్లో వస్తా. నువ్వు మొదలుపెట్టు.”

ఎక్స్‌ప్రెస్ బ్రష్షు ముంచి సిలిండరు దగ్గర పూసింది. ఏమీ రాలేదు. గోడ అవతల బెల్లు మోగింది. పైపు గ్రిల్లు వెనక్కి, ఇటుక పక్కనుంచి వంపు తిరిగి పైకి పోయింది. అక్కడ పూయాలంటే మసిలో మోకాళ్ల మీద పాకాలి. బెల్లు మళ్లీ మోగింది.

“వస్తున్నావా, లేదా? మేం పోతున్నాం!”

ఆమె వంగి వెనక్కి తొంగి చూసింది. నల్లటి పైపు. చూడ్డానికి బానే ఉంది. మిగిలిన సబ్బు నీళ్లు గడ్డి మీద పారబోసింది.

నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “చూశావా?”

“చూశా.”

“అన్నిచోట్లా?”

“అన్నిచోట్లా. ఏం రాలేదు.” అప్పటికే ఆమె గేటు దగ్గరుంది.

నాన్న వాల్వు కట్టేసి, మసి కడుక్కోవడానికి స్నానానికి వెళ్లాడు.

*

ఆరింటికి మామయ్య, అత్తయ్య వచ్చారు. మసాలా పట్టించిన చికెన్ ముక్కలు, మొక్కజొన్న కండెలు, బంగాళాదుంపలు టేబులు మీద సిద్ధంగా ఉన్నాయి. మామయ్య కుర్చీని గ్రిల్లుకు దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

“బావా, ఇది ఇంకా బతికే ఉందా? నేనైతే దీనికి ఎప్పుడో దండ వేసేసేవాణ్ణి.”

“చూస్తూ ఉండు,” అన్నాడు నాన్న. తెల్ల చొక్కా వేసుకున్నాడు. రోజంతా పడ్డ పాట్లు మర్చిపోయి పెళ్లికొడుకులా ఉన్నాడు. మూత పైకెత్తాడు. వంగి సిలిండరు వాల్వు తిప్పాడు.

ఎక్స్‌ప్రెస్ నాలుగేళ్ల తమ్ముడు, బుడ్డోడు, బర్నర్లు చూడాలని గ్రిల్లుకు ఆనుకుని మునివేళ్ల మీద నిలబడ్డాడు. వాడి గడ్డం సరిగ్గా గ్రిల్లు అంచు మీద ఆనింది.

సైకిల్ తొక్కొచ్చిన ఎక్స్‌ప్రెస్ ఆయాసపడుతూ గేట్లో నిలబడింది. ఆ గడ్డం చూసింది. దాని కిందే ఇటుక. ఇటుక పక్కన పైపు వంపు.

ఏం కాదులే, అనుకుంది. పైపు బానే ఉందిగా. కానీ బానే ఉందని ఆమెకు ఎలా తెలుసు?

నాన్న చెయ్యి నాబ్ మీదికి వెళ్లింది.

“నాన్నా, ఆగు!”

అందరూ ఉలిక్కిపడ్డారు. అత్తయ్య చేతిలో గ్లాసు తొణికింది.

“అబ్బబ్బ, ఇప్పుడేంటే తల్లీ?” అన్నాడు నాన్న విసుగ్గా. “పొద్దున్నుంచి ఈ ఒక్క క్షణం కోసమే చస్తున్నా.”

“నేను చూడలేదు.”

“ఏం చూడలేదు?”

“పైపు. సిలిండరు దగ్గర ఒక్కచోటే పూశాను. వెనకాల పూయలేదు.”

“అన్నిచోట్లా చూశానన్నావుగా?”

మామయ్య, అత్తయ్య, అమ్మ ఆమెనే చూస్తున్నారు. “అబద్ధం చెప్పాను.”

మామయ్యే ముందు తేరుకున్నాడు. “పోనీలే బావా, పదకొండేళ్లుగా లీకవనిది ఇవాళే అవుతుందా? వెలిగించెయ్. ఆకలి దంచేస్తోంది.”

నాన్న వెలిగించలేదు. వాల్వు కట్టేశాడు. బుడ్డోణ్ణి ఒక చేత్తో ఎత్తి అమ్మకిచ్చాడు. ఇంట్లోకి వెళ్లి సబ్బు నీళ్లు కలుపుకొచ్చి, తెల్లచొక్కాతోనే గ్రిల్లు వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాల్వు మళ్లీ తిప్పి, పైపు పొడుగునా బ్రష్షుతో పూశాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత వంపు దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. అది మిరియమంతయింది. గోళీ అంతయి టప్పున పేలింది. దాని వెనకే మరో నాలుగు.

మామయ్య కుర్చీ ఎత్తుకుని పది అడుగులు వెనక్కి వెళ్లాడు.

నాన్న వాల్వు గట్టిగా కట్టేశాడు. లేవలేదు. ఆ బుడగల్నే చూస్తూ ఉండిపోయాడు. ఆయన మెడ మీద చెమట దిగుతోంది. ఎక్స్‌ప్రెస్‌కు ఏడుపొచ్చింది.

“సారీ నాన్నా.”

“నువ్వు చేసింది చిన్న తప్పు కాదు,” అన్నాడు నాన్న మెల్లగా. “అయినా నేను చెయ్యాల్సిన పని నీ చేతిలో పెట్టి పోయాను. అది నా తప్పు. పైపు మార్చమని షాపు పెద్దాయన అంతగా చెప్తే నవ్వేసి వచ్చాను. అది ఇంకో తప్పు.” వాచీ చూసుకున్నాడు. “ఏడింటికి షాపు మూసేస్తాడు. పద.”

*

షాపు పెద్దాయన అప్పటికే షట్టరు సగం దించాడు. కిందనుంచి వంగి వచ్చిన తండ్రీకూతుళ్లని చూసి నిట్టూర్చాడు.

“పైపేనా?”

“పైపే,” అన్నాడు నాన్న.

“పొద్దునే చెప్పానుగా సార్!” పెద్దాయన విసుక్కుంటూ నిచ్చెనెక్కాడు. “చెప్తే వినరు. మూసే టైముకి వస్తారు. వారానికి ఒకరైనా ఇంతే.” పైనుంచి దుమ్ముపట్టిన డబ్బా దించాడు. షాపు మూలలో కొత్త గ్రిల్లు ఒకటి అద్దంలా మెరుస్తోంది. నాన్న దాని వైపు ఒకసారి చూశాడు. చెయ్యి వేసి మూత ఎత్తాడు, దించాడు. చివరికి పైపు, జాయింటు క్లిప్పులు మాత్రం తీసుకున్నాడు.

“బిగించాక సబ్బు నీళ్లు...” పెద్దాయన మొదలుపెట్టాడు.

“పూస్తాం,” అంది ఎక్స్‌ప్రెస్.

ఇంటికొచ్చేసరికి మామయ్య పచ్చి క్యారెట్లు నములుతున్నాడు. అమ్మ చికెన్ గిన్నె పట్టుకుని వంటింటి వైపు నడుస్తోంది. “ఇక చాలు. నేను పెనం మీద వేసేస్తున్నా.”

“అరగంట!” అన్నాడు నాన్న.

“ఈ మాట పొద్దున్నుంచి ఎన్నోసారి?”

“ఒక్క అరగంట ఆగవే బాబూ!”

అమ్మ గిన్నె బల్ల మీద దబ్బున పెట్టి కూర్చుంది.

నాన్న పాత పైపు ఊడదీశాడు. వంపు దగ్గర వంచితే రబ్బరు మీద పగుళ్లు నోళ్లు తెరిచాయి. కొత్తది బిగించి వాల్వు తిప్పాడు. బ్రష్షు అందుకోబోయాడు.

ఎక్స్‌ప్రెస్ అప్పటికే దాన్ని పట్టుకుని ఉంది. “నేను పూస్తా. నువ్వు పక్కనే ఉండి చూడు.”

నాన్న ఒక క్షణం ఆలోచించి, పక్కన చతికిలబడ్డాడు.

ఆమె మసిలో మోకాళ్లు ఆనించింది. సిలిండరు దగ్గర పూసి, లోలోపల అరవై లెక్కపెట్టింది. పైపు వెంట పూసింది. బర్నర్ల కింద మూడు జాయింట్లు. ఒక్కోదానికీ అరవై.

“ఎంతసేపే!” వెనక నుంచి మామయ్య మూలిగాడు. “ఎక్స్‌ప్రెస్ ఇవాళ గూడ్సు బండి అయిపోయిందేంటి?”

ఆమె వెనక్కి తిరగలేదు. నలభై రెండు. నలభై మూడు. బుగ్గ మీద దోమ కుట్టింది. బ్రష్షు మీంచి చెయ్యి తియ్యలేదు.

“ఏం రాలేదు నాన్నా. అన్నిచోట్లా.”

“నేనూ చూశా,” అన్నాడు నాన్న.

మూడు బర్నర్లూ నీలంగా వెలిగాయి. భోజనాలయ్యేసరికి ఎనిమిదిన్నర దాటింది. మొక్కజొన్న కండెలు ఒకవైపు మాడాయి. అయినా మామయ్య నాలుగు తిన్నాడు.

*

సోమవారం పొద్దున టిఫిను తింటూ ఎక్స్‌ప్రెస్ సైన్సు నోట్సు తెరిచింది. తరగతి కిటికీలో ఒక్కొక్కరూ ఒక చిక్కుడు మొక్క పెంచుతున్నారు. ఎనిమిది బడి రోజులు, రోజూ మధ్యాహ్నం దాని ఎత్తు కొలిచి పట్టికలో రాయాలి. ఇవాళ ఆఖరి రోజు. ఆమె పట్టికలో ఏడు గళ్లకీ అంకెలున్నాయి. కొలిచింది మూడు రోజులే. మిగిలినవి శుక్రవారం బెల్లు కొట్టే ముందు నిలబడే నింపేసింది.

చెంచా పక్కన పెట్టింది. రబ్బరు తీసి నాలుగు అంకెలు చెరిపింది.

మధ్యాహ్నం టీచర్ నోట్సులు తిప్పుతూ తల పట్టుకుంది. “ఏమర్రా, మీ అందరి మొక్కలూ మాట్లాడుకుని పెరిగాయా? అందరిదీ రోజుకి సరిగ్గా ఒక సెంటీమీటరే!” తర్వాతి నోట్సు తెరిచి ఆగింది. “ఇదెవరిది? పాత రోజులవి నాలుగు గళ్లు ఖాళీ?”

ఎక్స్‌ప్రెస్ లేచి నిలబడింది. “నాదే టీచర్. ఆ రోజుల్లో కొలవలేదు.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

“మార్కులు తగ్గుతాయి మరి.”

“సరే టీచర్.”

టీచర్ నోట్సు తిరిగిచ్చింది. ఎక్స్‌ప్రెస్ కిటికీ దగ్గరికెళ్లింది. స్కేలు సున్నాని మట్టికి ఆనించి, వంగి, ఒక కన్ను మూసి కొలిచింది. మొక్క కొంచెం పక్కకి వాలింది. వేలితో మెల్లగా నిలబెట్టి ఇంకోసారి కొలిచింది. అప్పుడు ఎనిమిదో గడిలో రాసింది.